పూలమ్మ సీసాలు

"కప్పలున్న కాడ నేను నీళ్లు పోసుకోను. పొద్దటిసంది చెప్తాన్న. ఎవలన్న ఇంటాన్రా?"

"నాకెందుకు చెప్తరు అత్తమ్మా? నేనా తెచ్చిన? చెంబు ముంచబోతే ఒకటి నా చెయ్యి మీదికే దుంకింది. పాణం పోయినంత పనైంది."

"దుంకక దండం పెడ్తదా?" అన్నాడు ఇంటి పెద్ద వెంకటేశ్వర్లు పేపరు చాటునుంచి.

"మీరు ఊకోన్రి" అంది ఆయన భార్య. "పొద్దంతా దుకాణంల కూసునేటోళ్లకు ఏం తెలుసు? తొట్టి నిండ కప్పలు. రాత్రంతా ఒకటే బెకబెక. మట్టెవాడంతా నవ్వుతాంది. వాన మొగులు మీద కంటె ముందు కిరాణం సేటు ఇంట్ల పడ్తదట!"

ఇది మూడో ఏడు. వానలు మొదలు కాగానే కూతురు అరుణ పొలాల్లోంచి కప్పలు పట్టించి తెస్తుంది. యూనివర్సిటీలో పెడదామంటే అక్కడ నీళ్లు చాలవు, చస్తాయి. ఇంట్లో పెడితే తల్లి ఊరుకోదు. ప్రతి ఏడూ ఇదే గొడవ. ప్రతి ఏడూ అరుణే గెలుస్తుంది. "అవి కప్పలు గావమ్మా, నా థీసిస్" అంటుంది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల చేసే రిసెర్చి ఏమిటో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. వద్దనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

ఆమె అన్న మల్లికార్జున్ గుమ్మం దగ్గర కూర్చుని బూట్లు బిగించుకుంటున్నాడు. సర్కిల్ ఇన్‌స్పెక్టర్. ఊళ్లో తగాదాలు తీర్చడం అతని ఉద్యోగం. ఇంట్లో తగాదాల్లో వేలు పెట్టకపోవడం అతని నియమం.

అరుణ దువ్వెన కిటికీలో పెట్టింది.

"లొల్లి వెట్టకమ్మా. సాయంత్రం అన్నీ తీస్కపోయి విడిచిపెట్టొస్త. ఇగ వాటితోని పని లేదు."

తల్లి తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. కూతురు ఇంత తేలిగ్గా ఓడిపోతుందని ఆమె అనుకోలేదు.

"జెరమొచ్చిందా ఏందే నీకు?"

"లేదు."

"ఎట్లయితేంది, పీడ పోయింది" అంది మల్లికార్జున్ భార్య కళావతి. గొడవ తీరిందని మల్లికార్జున్ కూడా సంతోషించాడు. టోపీ అందుకున్నాడు.

అప్పుడు ఫోను మోగింది. ఎనభై నాలుగు జూలై. సోమవారం. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుంది.

అరుణ గైడు, ప్రొఫెసర్ రాజేశ్వర్ రావు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, మా ల్యాబ్‌ల దొంగతనం జరిగింది. మీ చెల్లె సీరం పోయింది. ఒక్క సీసా మిగల్లేదు."

మల్లికార్జున్ ఫోను పెట్టేసి చెల్లెలికి చెప్పాడు. అరుణ మొహంలో నెత్తురుచుక్క లేదు. పడిపోతుందేమోనని కళావతి వెళ్లి భుజం పట్టుకుంది.

* * *

డీప్ ఫ్రీజర్ వరండా చివరి గదిలో ఉంది. పాతది. మూత చుట్టూ ఉండే రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. మూత బిగువుగా పడాలంటే సైకిల్ ట్యూబు మూడు చుట్లు చుట్టాలి. కొసను వెనక కొక్కేనికి మెలేసి తగిలించాలి. మెలిక తప్పితే ట్యూబు జారుతుంది. మూత లేస్తుంది. లోపలున్నవన్నీ కరుగుతాయి.

మల్లికార్జున్ తాళం చూశాడు. పగల్లేదు. కిటికీ ఊచలు చూశాడు. వంగలేదు.

"ఆఖరుసారి ఎప్పుడు చూసిన్రు సార్?"

"శనివారం సాయంత్రం. ఎర్ర మూత డబ్బా. అండ్ల ఆరు సీసాలు. నేనే చూసిన."

"ఇయ్యాల?"

"పొద్దుగాల తెరిస్తే డబ్బా లేదు."

"మీరు తెరిచే ముందు ట్యూబు కట్టి ఉందా? ఊడి ఉందా?"

"కట్టే ఉంది. నేనే విప్పిన."

"మిగతా డబ్బాలు?"

"నావి, లక్ష్మీనారాయణవి అన్నీ ఉన్నయి. ఒక్కటి కరగలే."

"తాళం చెవులు ఎవలెవల కాడ ఉంటయి?"

"నా కాడ. అరుణ కాడ. ఇంకో స్కాలర్ లక్ష్మీనారాయణ కాడ. అటెండర్ ఎల్లస్వామి కాడ. నిన్న ఆదివారం. ఎల్లస్వామి తప్ప ఎవరూ రాలేదు. నీళ్లు పట్టడానికి వచ్చిండట. ఇంకేం కావాలె మీకు?"

తలుపు పక్కన నిలబడ్డ ఎల్లస్వామి దండం పెట్టాడు. నడివయసు మనిషి.

"నీళ్లు పట్టి పోయిన సారూ. ఫ్రీజర్ ముట్టలే."

"ఏ టైముకు?"

"పదకొండుకు వచ్చిన. గంటల పోయిన."

"ఎవలన్న కనబడ్డరా?"

ఎల్లస్వామి తల వంచుకున్నాడు. "లేదు సారూ."

ప్రొఫెసర్ విసుక్కున్నాడు. "గురువారం హైదరాబాద్ నుంచి ముగ్గురు సైంటిస్టులు వస్తాన్రు. అరుణ చెప్పేది నిజమో కాదో కండ్లతోని చూస్తమన్నరు. అప్పటిదాక సీరం దొరకకపోతే, దొరికినా అది మురిగిపోతే, మూడేండ్ల పని గంగల కలిసినట్టే."

"ఆ సీరంల ఏమున్నది సార్?"

"మీ చెల్లెనడుగున్రి" అన్నాడు ప్రొఫెసర్.

అరుణ గోడమీది ఫోటో వైపు నడిచింది. నల్లటి ఫోటో. మధ్యలో రెండు పచ్చటి చుక్కలు. అంతే.

"మూడేండ్లల్ల నువ్వెన్నడూ అడగలే అన్నా."

"ఇయ్యాల అడుగుతాన్న."

"మన ఒంట్ల ప్రతి కణంల ఒక చుక్క ఉంటది. సెంట్రోసోమ్. కణం రెండు కాబోయే ముందు ఆ చుక్క రెండయితది. చెరో కొసకు పోతయి. అక్కడి నుంచి దారాలు తీస్తయి. ఆ దారాలు క్రోమోజోములను సగం ఇటు, సగం అటు గుంజుతయి. అట్ల ఒకటి రెండయితది. చుక్కలు మూడయినా నాలుగయినా పంపకం తప్పుతది. కణం ఖరాబయితది."

"ఆ చుక్కకు చెప్పేదెవరు, ఎప్పుడు రెండు కావాలెనో?"

అరుణ అతని వంక కొత్తగా చూసింది. "అదే నా ప్రశ్న గూడ. చుక్క చుట్టూ మబ్బు లెక్క కొన్ని ప్రోటీన్లుంటయి. దారం ఎప్పుడు తియ్యాలె, ఎన్ని తియ్యాలె, అవే చూసుకుంటయని నా అనుమానం. కానీ అవి కండ్లకు కనబడవు. లక్షల ప్రోటీన్ల నడుమ ఎట్ల గుర్తువడ్తవు?"

"ఎట్ల?"

"కొందరి ఒంటికి ఒక జబ్బొస్తది. తోలు బిగుసుకపోయే జబ్బు. శరీరం పొరపాటున తన మీద తనే కేసు పెట్టుకున్నట్టు, సొంత ప్రోటీన్ల మీద యాంటీబాడీలు తయారు చేస్తది. వెయ్యి మంది రోగులను చూస్తే ఒక్కరి రక్తంల, సరిగ్గా ఈ చుక్కను పట్టుకునే యాంటీబాడీ దొరకచ్చు. దానికి మెరిసే రంగు అంటిస్తే గిట్ల పచ్చగ వెలుగుతది."

"కప్పలెందుకు?"

"ఆ రక్తం నుంచి తీసిన నీరే సీరం. దాన్ని కప్ప గుడ్డుల సూదితోని ఎక్కించిన. మామూలు గుడ్డు రెండయితది, నాలుగయితది, ఎనిమిదయితది. ఇది ఎక్కిస్తే ఆగిపోయింది. ప్రోటీన్లకు యాంటీబాడీ అడ్డం పడ్డది, కణం విడిపోలే. అంటే విభజనను నడిపించేది అవేనన్నట్టు."

"ఆ ఒక్కరు ఎవలు?"

"కాశిబుగ్గ పూలమ్మ. సాలోల్లామె, నేతపని చేసేది" అంది అరుణ. "చచ్చిపోయి ఇరవై దినాలయింది."

లోపలికి వచ్చిన లక్ష్మీనారాయణ చేతిలో ఖాళీ ట్రే ఉంది. "సార్, స్లైడులు గూడ లేవు. పూలమ్మయి. అన్నీ వాడేసినవే, దేనికీ పనికిరావు. కడిగి బోర్లించిన ఖాళీ సీసా గూడ లేదు. ఆమెకు ఆఖరుసారి రక్తం తీసిన సిరంజి ఉండె, కొన విరిగింది. అది గూడ పోయింది."

"దొంగ ఊడ్చుకపోయిండు" అన్నాడు ప్రొఫెసర్.

మల్లికార్జున్ లక్ష్మీనారాయణ వైపు తిరిగాడు. "నువ్వు నిన్న ఎక్కడున్నవ్?"

"జనగామల. చెల్లె పెండ్లి. యాభై మంది సాక్షులు సార్, అందరూ నా చేతి పప్పు తిన్నోళ్లే. మైక్రోస్కోపు కోసం అరుణతోని నెలకొకపారి కొట్లాడుత, నిజమే. దానికోసం విరిగిన సిరంజి ఎత్తుకపోతనా?"

మంచి ప్రశ్నే. మల్లికార్జున్ దాన్ని మనసులో పెట్టుకున్నాడు.

ప్రొఫెసర్ పట్టు విడవలేదు. ఎల్లస్వామిని స్టేషన్‌కు తీసుకెళ్లాల్సిందేనన్నాడు. వైస్ ఛాన్సలర్‌కు ఫోను చేస్తానన్నాడు. ఎల్లస్వామి తలవంచుకుని జీపు ఎక్కాడు.

"ఆయన తియ్యలే" అంది అరుణ వెనకనుంచి.

"నీకెట్ల తెలుసు?"

"ఆయన తియ్యడు" అంది.

* * *

స్టేషన్‌లో ఎల్లస్వామి టీ గ్లాసు ముట్టుకోలేదు. హెడ్ కానిస్టేబుల్ కొమురెల్లి బుజ్జగించాడు.

"తాగు అన్నా. మా సారు కొట్టడు. కొట్టేటోళ్లు ట్రాన్స్‌ఫర్ అయి పోయిన్రు."

"ట్యూబు కట్టుడు ఎవలెవలకు వచ్చు?" అడిగాడు మల్లికార్జున్.

"మా నలుగురికే సారూ. కొత్తోడు కడితే జారుతది. ఒకపారి ప్రొఫెసర్ సారు కడ్తేనే జారింది. రెండు డబ్బాలు మురిగినయి. తిట్లు నాకు పడ్డయి."

"అయితే దొంగ బయటోడు గాదు."

ఎల్లస్వామి నేల చూశాడు.

"బయటోడైతే మూత తెరిచి పెట్టి ఉరుకుతడు. వీడు నిలబడి, మూడు చుట్లు చుట్టి, మెలేసి పోయిండు. పక్కోళ్ల సీసాలు కరగద్దని. దొంగతనానికొచ్చి పక్కోళ్ల సొత్తుకు కావలి కాసినోడు ఎవలు ఎల్లస్వామీ?"

"నాకు తెల్వదు సారూ."

"నిన్న ఎవలూ కనబడలే?"

"కనబడలే" అన్నాడు ఎల్లస్వామి. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. "నాకు ఇద్దరు ఆడపిల్లలు సారూ. నౌకరి పోతే చస్త. అయినా నాకు ఎవలూ కనబడలే."

ఇరవై ఏళ్ల సర్వీసులో మల్లికార్జున్‌కు అబద్ధాలు చెప్పేవాళ్లు కొత్త కాదు. తమను తాము కాపాడుకోవడానికి చెబుతారు. ఈ మనిషి తన మెడకే చుట్టుకుంటుందని తెలిసి కూడా చెబుతున్నాడు. ఎవరికోసం?

సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి సిమెంటు తొట్టి ఖాళీగా ఉంది. కళావతి చీపురుతో రుద్ది కడుగుతోంది. అరుణ అన్నం తినకుండానే పడుకుందని చెప్పింది.

* * *

మంగళవారం పొద్దున జీపు కాశిబుగ్గ సందులోకి పోలేదు. మల్లికార్జున్, కొమురెల్లి దిగి నడిచారు. రెండు పక్కలా మగ్గాల చప్పుడు. పోలీసులను చూడగానే ఒక్కో ఇంట్లో అది ఆగిపోయింది. వాళ్లు దాటగానే మళ్లీ మొదలయింది.

పూలమ్మ మొగుడు సారంగపాణి గుంటమగ్గం మీదినుంచి లేవలేదు. గోడవారగా ఒక మంచం. మంచం మీద తల్లి సమ్మమ్మ, ముడుచుకుని.

"ఏం కావాలె సార్?"

"మీ ఆమె రక్తం సీసాలు పోయినయి, యూనివర్సిటీల. ఎరికేనా?"

దారం మోస్తూ అటూ ఇటూ ఆడే నాడె సారంగపాణి చేతిలో ఆగింది. "పోయినయా?"

ఆ మాటలో ఆశ్చర్యం లేదు. అడగాల్సింది కాబట్టి అడిగాడంతే.

"ఆమె జబ్బు ఎట్ల మొదలయింది?"

"చేతులతోని. వానల తడిస్తే వేళ్లు తెల్లగయ్యేవి, ఆనెంక నీలంగ. తర్వాత తోలు బిగిసింది. నూలు కండె చుట్టేది. కండె చెయ్యి జారేది. ఆఖర్కు నోరు గూడ తెరవరాలే. అన్నం మెత్తగ పిసికి వేలంత ముద్ద పెట్టేటోళ్లం."

"దవాఖానకు?"

"అరుణ మేడం తోలుకపోయేది. బుధవారం, బుధవారం. లైన్ల నిలవడేది. మందు లేదన్నరు. మేడం మాతోని అబద్ధం చెప్పలే సార్. నీ రక్తంతోని నీకేం ఫాయిదా లేదు, ఎనుక వచ్చేటోళ్లకు ఉండచ్చు అన్నది. పూలమ్మ నవ్వింది. తీస్కో చెల్లే, నా చేతులైతే పని చేస్తలేవు, నా నెత్తురన్న పని చెయ్యనీ అన్నది."

మంచం మీద సమ్మమ్మ కదిలింది. "పిట్ట ముట్టలే బిడ్డా."

"అమ్మా, ఊకో."

"ఎందుకూకోవాలె? పోలీసాయన అడుగుతాండు, చెప్పనీ. మూడు దినాలకు పిట్టకు పెట్టినం, ముట్టలే. అయిదుకు ముట్టలే. తొమ్మిదికి ముట్టలే. పదకొండుకు గుడాలు, కల్లు, ఆమెకు పాణమైన చింతచిగురు కూర, అన్నీ వెట్టినం. కాకి గోడ మీద కూసున్నది, చూసింది, పోయింది. ఎందుకు పోతది? సగం మనిషిని కాలవెడ్తిమి. సగం ఐసు డబ్బాల ఉండె. నెత్తురు గడ్డగట్టి అండ్లుంటే పాణం ఏడికి పోతది?"

"ఆ మాట ఎవలితోనన్న చెప్పినవా అవ్వా?"

"చెప్పిన. ఏడ్చుకుంట చెప్పిన. అన్నం మానేసి చెప్పిన."

"ఎవలితోని?"

సారంగపాణి లేచి నిలబడ్డాడు. పోలీసాయన కంటే జానెడు పొడుగు. కాని చేతులు జోడించాడు.

"సార్, ఆ ఒక్క మాట అడగకున్రి. నన్ను తీస్కపోన్రి. నేనే తీసిన అని రాసుకోన్రి. వేలిముద్ర వేస్త."

"నీకు ట్యూబు కట్టొచ్చా?"

"ఏం ట్యూబు సార్?"

మల్లికార్జున్ బయటికి నడిచాడు. కొమురెల్లి గబగబా వెంటపడ్డాడు.

"సార్, ఒప్పుకుంటాండు గద! పంచనామా రాద్దామా?"

"నడువు."

జీపులో కూర్చున్నాక సిగరెట్ వెలిగించాడు. విరిగిన సిరంజి. కడిగిన సీసా. పనికిరాని స్లైడులు. సైంటిస్టు దొంగిలిస్తే మంచి సీసాలు తీసుకుంటాడు. చెత్తను ముట్టుకోడు. అమ్ముకునేవాడికి చెత్త అసలే వద్దు. పూలమ్మకు సంబంధించింది ఒక్క చుక్క కూడా మిగలకూడదనుకున్న మనిషి పని ఇది. ఆ మనిషికి పూలమ్మవి ఏవేవో తెలుసు. తాళం చెవి ఉంది. ట్యూబు కట్టడం వచ్చు.

అప్పుడు గుర్తొచ్చింది.

సోమవారం పొద్దున. "ఇగ వాటితోని పని లేదు."

ఫోను ఆ తర్వాత కదా మోగింది.

సిగరెట్ చివరిదాకా కాలి వేలిని చురుక్కుమనిపించింది. గురువారం హైదరాబాద్ వాళ్లు రానుండగా, సీరం పోయిందని ఎవరికీ తెలియకముందే, మూడేళ్లుగా కప్పల కోసం పోట్లాడిన పిల్ల కప్పలతో పని లేదన్నది. అతను అక్కడే కూర్చుని విన్నాడు. విని సంతోషించాడు.

"స్టేషన్‌కా సార్?" డ్రైవర్ అడిగాడు.

"జర ఆగు" అన్నాడు మల్లికార్జున్.

* * *

దీపాలు పెట్టే వేళకు ఇంటికి వచ్చాడు. యూనిఫాం విప్పలేదు. హాల్లో అందరినీ కూర్చోమన్నాడు. తండ్రి దుకాణం నుంచి అప్పుడే వచ్చాడు. తల్లి చేతిలో జపమాల. కళావతి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అరుణ గడప మీద కూర్చుంది.

"ఏందిరా, పంచాయతీ పెట్టినవ్?" అంది తల్లి.

"అరుణా, నిన్న పొద్దుగాల కప్పలతోని పని లేదన్నవ్. సీసాలు పోయిన సంగతి అప్పటికి నీకెట్ల తెలుసు?"

అరుణ తలెత్తింది. ఆ మొహంలో భయం లేదు. అలిసిపోయి ఉంది, అంతే.

"ఎప్పుడు అడుగుతవా అని చూస్తాన్న."

"ఎల్లస్వామి నిన్ను చూసిండు."

"చూసిండు. ఆదివారం డబ్బా సంచిల వెట్టుకుంటాంటే తలుపు కాడ నిలవడ్డడు. ఏమనలే. నాకు తెల్వదు బిడ్డా అని పోయిండు."

"ఏందే?" తల్లి లేచింది. "ఏం మాట్లాడుతాన్రు ఇద్దరు? నీ సీసాలు నువ్వే దొంగతనం చేసినవా?"

"కాశిబుగ్గల ఇచ్చొచ్చిందమ్మా" అన్నాడు మల్లికార్జున్. "ట్యూబు కట్టిపోయింది. అది ల్యాబోళ్లకే వచ్చు. విరిగిన సిరంజి, కడిగిన సీసా గూడ తీస్కపోయింది. అవి పూలమ్మ ఇంటోళ్లకే కావాలె. ఈ రెండూ తెలిసిన మనిషి ఒక్కతే."

వెంకటేశ్వర్లు కళ్లద్దాలు తీశాడు. "చదువుకున్న పిల్లవు. పిట్ట ముట్టలేదంటే నమ్మినవా బిడ్డా?"

"నమ్మలే బాపూ. సమ్మమ్మ వద్దకు నాలుగుసార్లు పోయి చెప్పిన. రక్తంల పాణం ఉండదని చెప్పిన. గుడ్డు బొమ్మ గీసి చూపెట్టిన. ఆమె అన్నం ముట్టలే. తొమ్మిదొద్దులు. నేను ఏం చెప్పినా ఆమెకు ఎక్కలే. పూలమ్మకు నేనేం చెయ్యలేకపోతి. మందు లేదు, నొప్పి తగ్గియ్యలే. నా చేతుల్ల ఉన్నదొకటే. ఇయ్యకపోతే ఆమె అత్త గూడ పోతది. ఇస్తే నా పని పోతది."

"అంతా ఎందుకిచ్చినవే? ఒక సీసా ఉంచుకోవద్దా?" కళావతి గొంతు తగ్గించి అడిగింది.

"ఉంచుకుందామనే అనుకున్న వదినె. సంచి విప్పంగనే సమ్మమ్మ అడిగింది, అంతా తెచ్చినవా బిడ్డా అని. పూలమ్మతోని ఎన్నడూ అబద్ధమాడలే. ఆమె అత్తతోని ఆడబుద్ధి కాలే. మళ్ల ల్యాబుకు పోయి స్లైడులు, సిరంజి గూడ తెచ్చిచ్చిన."

"ఏం చేసిన్రు వాటిని?"

"బొందలగడ్డకు పోయినం. ఆమెను కాలవెట్టిన కాడ పోసిన్రు. సీసాలు కొట్టి పూడ్చిన్రు."

మల్లికార్జున్‌కు తెలిసిపోయింది. వెతకడానికి ఇక ఏమీ లేదు. సొత్తు ఓరుగల్లు మట్టిలో కలిసిపోయింది.

"పిట్ట ముట్టిందా మరి?" తల్లి అడిగింది. అడిగాక తనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

"ముట్టలేదమ్మా."

అరుణ వాకిట్లోకి చూసింది.

"అక్కడ మళ్ల విస్తరి పెట్టి చాలాసేపు చూసినం. వాన మొదలయింది. విస్తరిల అన్నం నానిపోయింది. ఆఖర్కు ఆవుకు వెట్టిన్రు. సమ్మమ్మ నా చేతులు పట్టుకున్నది. నీ తప్పు లేదు బిడ్డా, నువ్వయితే అంతా తెచ్చినవ్ అన్నది. ఇంటికి పోయినంక ఇంత గంజి తాగింది."

వెంకటేశ్వర్లు కళ్లద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. తల్లి కొడుకు దగ్గరికి జరిగింది.

"మల్లీ, కరెంటు పోయి ఖరాబయినయని రాయరాదుర? రోజుకు రెండుమాట్ల పోతనే ఉన్నది గద. ఎవలకు తెలుస్తది?"

దారి పొడుగునా అతను అదే ఆలోచించాడు. రాయవచ్చు. కొమురెల్లి నోరు మెదపడు. ఎల్లస్వామి అసలే మెదపడు. సారంగపాణి ప్రాణం పోయినా చెప్పడు. ఇంతమంది కలిసి ఒక అబద్ధాన్ని మోస్తుంటే ఇంకో సంతకం బరువా?

"రాస్త" అన్నాడు. "ఎల్లస్వామిని మధ్యాహ్నమే ఇంటికి పంపిన."

"పనికి పోయిండా?" అరుణ అడిగింది.

అతను టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ప్రొఫెసర్ సారు రావద్దన్నడు గద అన్నా?"

"కొన్నొద్దులు పోతే అంతా మరిచిపోతరు."

"ఆయన పిల్లలు మరిచిపోరు."

కళావతి ఆడపడుచు పక్కన గడప మీద కూర్చుంది. "ఇంకొకరి రక్తం దొరకదా అరుణా? మళ్ల మొదలువెట్టు. కప్పలుంటే ఉండనీ, నేనేం అనను."

"దొరకాలంటే ఇంకొకామె చేతులు బిగుసుకపోవాలె గద వదినె. బుధవారం బుధవారం పోయి, దవాఖాన బల్ల మీద కూసోని, ఎవలి వేళ్లు తెల్లగయితయా అని చూడాలె. పోయినేడు అట్లనే చూసిన. పూలమ్మ దొరికిననాడు సంబురపడ్డ." అరుణ తన వేళ్లు చూసుకుంది. "ఆమె ముంగటనే సంబురపడ్డ."

"ఉన్నదాంతోని థీసిస్ రాయి. ఫోటోలున్నయి గద" అన్నాడు మల్లికార్జున్. తను ఇన్‌స్పెక్టర్‌లా మాట్లాడటం లేదని అతనికి తెలుసు.

"నువ్వే చెప్పు అన్నా. సొత్తు లేకుంట, మళ్ల చూపెట్టేటందుకు ఏం లేకుంట, నేను చూసిన అంటే కోర్టు ఒప్పుకుంటదా?"

మల్లికార్జున్ బెల్టు మీది బిళ్లను వేలితో రుద్దుతూ నిలబడ్డాడు.

వీధిలో ఎవరో సైకిల్ గంట కొట్టుకుంటూ పోయారు. తల్లి జపమాల నేల మీద పడింది, ఎవరూ తీయలేదు.

అరుణ లేచింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది. రేపటి కూర సంగతి చెప్పినంత నెమ్మదిగా చెప్పింది.

"బాపూ, అమ్మా, అందరూ వినున్రి. అన్నా, నువ్వేం రాయకు. ఎల్లస్వామి ఇంటికి పోయి ఆయనను నేనే తోలుకపోత. డిపార్ట్‌మెంట్‌ల అందరి ముంగట తీసింది నేనని చెప్త. తర్వాత రిసెర్చి నుంచి నా పేరు తీయించుకొని ఇంటికొస్త. వదినె, రేపు జర తొందరగ లేపు."